ఆపరేషన్ కావాలా వద్దా అన్నది త్రీడీ గుండె నమూనా చెప్పదు

అమ్మా, ఇతరులకు కూడా అర్థం కావడానికి మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. మీ అబ్బాయికి 15 ఏళ్లు. స్కూల్లో పరుగు పందెం చివర్లో స్పృహ తప్పి పడిపోయాడు. ఈసీజీ మామూలుగా ఉంది. ఎకోలో అనుమానం వచ్చి సీటీ కరోనరీ యాంజియోగ్రామ్ తీశారు. గుండె కండరానికి రక్తం ఇచ్చే ఎడమ కరోనరీ ధమని, అయోర్టా మొదట్లో ఉండే ఎడమ సైనస్ అనే ఉబ్బు నుంచి కాకుండా కుడి సైనస్ నుంచి పుట్టి, అయోర్టాకూ (గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద ధమని) పల్మనరీ ధమనికీ (ఊపిరితిత్తులకు తీసుకెళ్లేది) మధ్యగా వెళ్తోందని, అందులో కొంత భాగం ‘ఇంట్రామ్యూరల్’, అంటే అయోర్టా గోడ లోపల ఉందని రిపోర్టులో రాశారు. ట్రెడ్‌మిల్ పరీక్ష బాగానే వచ్చింది. ఇప్పుడు ఒక ఆసుపత్రిలో ‘బాబు గుండె నమూనా త్రీడీ ప్రింటు చేయిద్దాం, అది చూశాక ఆపరేషన్ అవసరమో కాదో చెబుతాం’ అన్నారు. చేయించాలా, చేయిస్తే విషయం తేలిపోతుందా అని మీరు అడిగారు.

గుండె సీటీలు చదవడం, వాటి నుంచి సర్జన్లకు నమూనాలు తయారు చేయించడం నా వృత్తిలో భాగం. నమూనాలంటే నాకు ఇష్టమే. అయినా సూటిగా చెబుతున్నాను: ఆపరేషన్ కావాలా వద్దా అన్నది ఆ నమూనా చెప్పలేదు. మీరు రాసిన వివరాలు సరైనవే అయితే ఆ ప్రశ్నకు సమాధానం ఇప్పటికే దాదాపుగా వచ్చేసింది. నమూనా పనికొచ్చేది ఆ తరవాతి ప్రశ్నకు, అంటే ఆపరేషన్ ఏ పద్ధతిలో చేయాలన్న దానికి.

ఎందుకో చెబుతాను. ఎడమ కరోనరీ కుడి సైనస్ నుంచి పుట్టి రెండు పెద్ద నాళాల మధ్యగా వెళ్లడం, దానికి తోడు శ్రమ చేస్తుండగా స్పృహ తప్పడం. ఈ రెండూ కలిసినప్పుడు శస్త్రచికిత్స చేయాలన్నది అమెరికా హృద్రోగ సంఘాలు 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మొదటి తరగతి, అంటే అన్నిటికన్నా గట్టి సిఫారసు. అందులో ‘నమూనా చూశాక’ అన్న షరతు ఏమీ లేదు. ట్రెడ్‌మిల్ బాగా వచ్చిందన్న ధీమా కూడా ఈ జబ్బులో పెట్టుకోకూడదు. ఇటలీలోని పాడువాకు చెందిన క్రిస్టినా బాసో, సహచరులు 2000లో ఒక పరిశీలన ప్రచురించారు. ఇలాంటి కరోనరీ లోపంతో హఠాత్తుగా చనిపోయిన 27 మంది యువ క్రీడాకారుల వివరాలు అందులో ఉన్నాయి. 23 మందికి మీ అబ్బాయికి ఉన్న రకమే. 25 మంది గట్టి శ్రమ చేస్తుండగానే, మిగతా ఇద్దరు అది ముగిసిన వెంటనే చనిపోయారు. అంతకు ముందు పూర్తిస్థాయి ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకున్నవారు ఆరుగురు ఉంటే, ఆరుగురికీ పరీక్ష మామూలుగానే వచ్చింది. ఇది మిమ్మల్ని బెదిరించాలని రాయలేదు. ఈ లోపం రోజంతా ఊరుకుని ఒక్క నిమిషం పని చేసే రకం. ఆ నిమిషం పరీక్ష గదిలో రాకపోవచ్చు.

అందుకే నమూనా సంగతి ఎలా ఉన్నా, ఈ రోజు నుంచే ఆటలు, పరుగు, ఈత, వ్యాయామ తరగతి అన్నీ ఆపించండి. స్కూలుకు రాతపూర్వకంగా తెలియజేయండి. నెమ్మదిగా నడవడానికి, చదువుకోవడానికి అడ్డేమీ లేదు. ఇంట్లో ఇద్దరైనా సీపీఆర్ నేర్చుకోండి.

ఒకవేళ మీ రిపోర్టులో ఉన్నది కుడి కరోనరీ ఎడమ సైనస్ నుంచి పుట్టడం అయ్యుంటే నేను ఇంత గట్టిగా రాసేవాడిని కాదు. అది ఎడమ దానికన్నా ఎక్కువ మందిలో కనిపిస్తుంది, ప్రమాదం తక్కువ. లక్షణాలు లేకపోతే చాలామందిని ఆపరేషన్ లేకుండానే గమనిస్తూ ఉంటాం. ఈ జవాబు చదివి ఆ రకం ఉన్నవాళ్లు కంగారు పడవద్దు.

ఇక నమూనా దగ్గరికి వద్దాం. అది ఏమి చూపుతుందో తెలియాలంటే లోపం ఎక్కడుందో ముందు తెలియాలి. గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమని అయోర్టా. దాని మొదట్లో మూడు ఉబ్బెత్తు భాగాలు ఉంటాయి. వాటినే సైనస్‌లు అంటాం. ఎడమ కరోనరీ ఎడమ దాని నుంచి, కుడి కరోనరీ కుడి దాని నుంచి గోడకు దాదాపు లంబంగా బయటికి వస్తాయి. మీ అబ్బాయి విషయంలో ఎడమ ధమని కుడివైపు మొదలై, అయోర్టా గోడను ఆనుకుని ఏటవాలుగా బయలుదేరి, కొన్ని మిల్లీమీటర్ల దూరం ఆ గోడ లోపలే ప్రయాణించి, ఆ తరవాత బయటపడుతోంది. ఇంటి గోడ లోపల వేసిన కరెంటు పైపు లాంటిది అనుకోండి, కాకపోతే ఈ గోడ ప్రతి గుండె చప్పుడుకూ సాగుతుంది. పరుగెత్తినప్పుడు అయోర్టాలో ఒత్తిడి పెరుగుతుంది, గోడ మరింత సాగుతుంది, లోపలి నాళం అప్పడంగా నొక్కుకుపోతుంది. పైగా దాని నోరు గుండ్రంగా ఉండదు, సన్నని చీలికలా ఉంటుంది. గుండె కండరానికి రక్తం బాగా కావలసిన సమయంలోనే దారి ఇరుకవుతుంది.

రెండు పెద్ద నాళాల మధ్య నలిగిపోతుందని చాలామంది డాక్టర్లు బొమ్మ గీసి చెబుతారు. వినడానికి సులువుగా ఉంటుంది కానీ పల్మనరీ ధమనిలో ఒత్తిడి తక్కువ, కరోనరీని నలిపేంత బలం దానికి లేదు. అసలు దోషి గోడలో ఉన్న ముక్క. అమెరికాలోని హ్యూస్టన్‌లో పావొలో ఆంజెలీని అనే హృద్రోగ నిపుణుడు నాళం లోపలికి అల్ట్రాసౌండ్ తీగ పంపి చూపించింది ఇదే: గోడలో ఉన్నంత మేరా నాళం గుండ్రంగా కాక, పక్కల నుంచి నొక్కినట్టు కోలగా ఉంటుంది.

ఇప్పుడు నమూనా ఎలా పుడుతుందో చూడండి. సీటీలో మేము రక్తనాళంలోకి అయొడిన్ మందు ఎక్కించి, ఈసీజీకి అనుసంధానించి, గుండె కదలిక తక్కువగా ఉండే క్షణంలో బొమ్మలు తీస్తాం. నాడి నిమిషానికి 65 లోపు ఉంటే బొమ్మ స్పష్టంగా వస్తుంది. అందుకే ముందు బీటా బ్లాకర్ మాత్ర ఇస్తాం. ఆ బొమ్మల్లో మందు కలిసిన రక్తం తెల్లగా మెరుస్తుంది. దాన్ని కంప్యూటర్‌లో మిగతా వాటి నుంచి విడదీయడాన్ని సెగ్మెంటేషన్ అంటాం. మిమిక్స్ లాంటి ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఉంది, త్రీడీ స్లైసర్ లాంటి ఉచితమైనదీ ఉంది. ఏది వాడినా అసలు పని మనిషి కంటిదే.

ఎందుకంటే ఇక్కడ ఒక మీట ఉంటుంది. ఎంత తెలుపు ఉంటే రక్తంగా లెక్కించాలో మేమే ఒక సంఖ్య పెడతాం. హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లలో (సీటీ బొమ్మలో తెలుపును కొలిచే యూనిట్లు) 200 దగ్గర పెడితే మీ అబ్బాయి ధమని నోరు కాస్త విశాలంగా కనిపించవచ్చు. అదే మీటను 300కు జరిపితే ఆ చీలిక సన్నబడుతుంది, ఒక్కోసారి అక్కడ నాళం తెగిపోయినట్టే కనబడుతుంది. గుండె అదే, సీటీ అదే. మారింది మా వేలి కింద ఉన్న సంఖ్య ఒక్కటే. సీటీ బొమ్మలో ఒక్కో చుక్క అర మిల్లీమీటరు దాకా ఉంటుంది. చీలిక వెడల్పు ఒక మిల్లీమీటరు అయితే దానికి దక్కేది రెండు చుక్కలు. రెండు చుక్కల మీద ఎంత వాదించినా కొత్త సమాచారం రాదు. ప్రింటరు వంద మైక్రాన్ల (మిల్లీమీటరులో పదో వంతు) కన్నా సన్నని పొరలు వేయగలదు కాబట్టి నమూనా ఎంతో నునుపుగా, నమ్మదగినట్టుగా వస్తుంది. ఆ నునుపు ప్రింటరు ఇచ్చినది. సీటీకి అంత చూపు లేదు.

దీనికన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. సీటీలో స్పష్టంగా కనిపించేది నాళంలోని రక్తం. ఇంత సన్నని నాళం గోడ విడిగా కనిపించదు. బోలుగా ఉన్న నమూనా చేయాలంటే ఆ రక్తం ఆకారం చుట్టూ ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందాన గోడను కంప్యూటరే చుట్టేస్తుంది. మీ చేతికి నమూనా ఇచ్చి ‘చూడండి, గోడ ఇంత మందంగా ఉంది’ అని ఎవరైనా అంటే, ఆ మందం మీ అబ్బాయిది కాదు, మేము టైపు చేసిన అంకె. ధమని అయోర్టా గోడలో ఉందా, గోడను ఆనుకుని ఉందా అన్నది కూడా మేము ఊహించి చెప్పేదే: నాళం కోలగా ఉందా, దానికీ అయోర్టాకూ మధ్య కొవ్వు పొర మాయమైందా అన్న ఆనవాళ్లు చూసి. ఆ ఊహే నమూనాలో రాయిలా గట్టిపడుతుంది. తెర మీద చూసినప్పుడు అనుమానించే డాక్టరు కూడా చేతిలోకి వచ్చిన వస్తువును అనుమానించడు. నమూనాల విషయంలో నేను భయపడేది దీనికే.

మరి ఇంత అంటూ ఎందుకు చేయిస్తున్నారు అని మీరు అడగవచ్చు. సర్జన్ ఎదుర్కొనే చిక్కు చెబితే అర్థమవుతుంది. ఈ లోపానికి ఎక్కువగా చేసే ఆపరేషన్ అన్‌రూఫింగ్. అయోర్టాను తెరిచి, గోడలో దాగిన నాళానికీ అయోర్టా లోపలి భాగానికీ మధ్య ఉన్న పలుచని పొరను నాళం పొడవునా కోసి తీసేస్తారు. దానితో చీలిక లాంటి నోరు పోయి, సరైన సైనస్ వైపు విశాలమైన నోరు ఏర్పడుతుంది. బాగుంది. కానీ అయోర్టా కవాటంలోని రెండు రెక్కలు గోడ దగ్గర కలిసే చోటు ఒకటుంది, దాన్ని కమిషర్ అంటారు. ఎడమ, కుడి రెక్కల మధ్య ఉన్న కమిషర్‌కు కరెక్టుగా వెనక నుంచే ఈ నాళం వెళ్తుంది. కమిషర్‌కు పై నుంచి వెళ్తే కోత సులువు. కింద నుంచి వెళ్తే, పొడవునా కోసుకుంటూ పోతే కమిషర్ ఆధారం ఊడి కవాటం కారడం మొదలవుతుంది. అప్పుడు పద్ధతి మార్చాలి: సరైన సైనస్ వైపు మాత్రమే కొత్త నోరు తెరవడమో, ధమనిని గోడ నుంచి విడదీసి సరైన చోట తిరిగి కుట్టడమో, కమిషర్‌ను మళ్లీ పైకి కట్టడమో.

దీనికోసం నమూనాను అయోర్టా దగ్గర అడ్డంగా కోసి రెండు ముక్కలుగా ప్రింటు చేయిస్తాం, మళ్లీ అతుక్కోవడానికి చిన్న అయస్కాంతాలు పెట్టిస్తాం. పై ముక్క తీసి లోపలికి చూస్తే, రేపు సర్జన్ అయోర్టా తెరిచినప్పుడు కనిపించే చూపు అదే కోణంలో కనిపిస్తుంది. సన్నని కడ్డీని నోట్లోంచి దూర్చి, అది గోడ వెంట ఎంత దూరం వెళ్తుందో, ఏ ఎత్తులో కమిషర్‌ను దాటుతుందో, ఎక్కడ బయటపడుతుందో వేళ్లతో చూసుకుంటారు. తెర మీద ఇదంతా చూడలేమా అంటే చూడగలం. కానీ తెర మీద తిప్పుతున్నది రేడియాలజిస్టు, రేపు కోసేది సర్జన్. నమూనా చేతిలో ఉన్నప్పుడు సర్జన్ తనకు కావలసినట్టు తిప్పుకుంటాడు, ఆ కాసేపట్లో వచ్చే ప్రశ్నలు రిపోర్టు చదివితే రావు. నా దృష్టిలో నమూనాకు అసలు విలువ ఆ సంభాషణలోనే ఉంది.

అయితే కవాటం రెక్కలు చాలా పలుచన, నమూనాలో సాధారణంగా రావు. కమిషర్ స్థానాన్ని సీటీలో విడిగా గుర్తించి నమూనా మీద వేరే రంగుతో గుర్తు పెట్టించాలి. అది పెట్టకుండా ప్రింటు చేస్తే మీ అబ్బాయి కేసులో నమూనా అందమైన బొమ్మగానే మిగులుతుంది. ఇంకో తేడా: సీటీలో అయోర్టా రక్తంతో నిండి బిగువుగా ఉంటుంది. ఆపరేషన్ టేబుల్ మీద గుండె ఆపి, అయోర్టా తెరిచేసరికి అది ఖాళీగా, మెత్తగా వాలిపోయి ఉంటుంది. అనుభవం ఉన్న సర్జన్‌కు ఇది తెలుసు, నమూనా కొలతలను యథాతథంగా తీసుకోడు.

నమూనా చెప్పలేనిదాని గురించి ఒక ఉదాహరణ. పీట్ మారవిచ్ అనే అమెరికన్ బాస్కెట్‌బాల్ ఆటగాడు ఎన్‌బీఏలో పది సీజన్లు ఆడాడు. 1988లో 40 ఏళ్ల వయసులో సరదాగా ఆడుతూ కుప్పకూలి చనిపోయాడు. శవపరీక్షలో తేలింది: అతనికి పుట్టుకతోనే ఎడమ కరోనరీ లేదు. అతని పాతికేళ్లప్పుడు ఆ గుండె నమూనా ఎవరైనా చేసి ఉంటే, ‘ఈ మనిషి మెట్లు కూడా ఎక్కలేడు’ అని అందరూ అనేవారు. అతను మాత్రం అప్పుడు కోర్టంతా పరుగెత్తుతున్నాడు. ఆకారం చూసి ప్రవాహాన్ని, ప్రవాహం చూసి ప్రమాదాన్ని అంచనా వేయడం అంత తేలిక కాదు. నమూనా ఒక్క క్షణాన్ని పట్టుకుంటుంది, అదీ గుండె విశ్రాంతిగా ఉన్న క్షణాన్ని. మీ అబ్బాయి పడిపోయింది పరుగు చివర్లో. మెత్తని రబ్బరు లాంటి పదార్థంతో చేసిన నమూనాను నొక్కి ‘ఇలా నలుగుతుంది’ అని చూపిస్తే నమ్మవద్దు. ఆ రబ్బరు సాగే తీరు అయోర్టా సాగే తీరు ఒకటి కాదు.

ప్రింటు చేసిన నాళాల్లో ద్రవం పంపి, ఇరుకుకు ముందూ వెనకా ఒత్తిడి కొలిచే ప్రయోగాలు జరుగుతున్నాయి. అమెరికాలో బఫెలో విశ్వవిద్యాలయం వాళ్లు అలాంటి పని చేశారు. కానీ అవి ప్రధానంగా కొవ్వు పేరుకుని పూడుకుపోయిన మామూలు కరోనరీల కోసం. పుట్టుకతో వచ్చే లోపం ఉన్న ఒక పిల్లవాడి చికిత్సను నిర్ణయించడానికి వాడే స్థాయి పరీక్ష కాదు. ప్రవాహం గురించి నిజంగా సందేహం ఉంటే దానికి వేరే దారులున్నాయి: మందుతో గుండెను వేగంగా కొట్టించి తీసే స్ట్రెస్ ఎంఆర్ఐ, లేదా కేథటర్ అనే సన్నని గొట్టంతో నాళం లోపలే ఒత్తిడి కొలవడం. కుడి కరోనరీ కేసుల్లో ఇవి చాలాసార్లు నిర్ణయాన్ని మారుస్తాయి. మీ కేసులో ఇవి కూడా ఆపరేషన్‌ను ఆలస్యం చేయడానికి సాకు కాకూడదు.

ఎలాంటి కేసుల్లో నేనే అడిగి మరీ నమూనా చేయిస్తానో కూడా చెబుతాను. గుండెలో ఇతర లోపాలు కూడా ఉండి, కరోనరీ వింత దారిలో వెళ్లినప్పుడు. టెట్రాలజీ ఆఫ్ ఫాలో (పుట్టుకతో వచ్చే ఒక గుండె జబ్బు) ఉన్న పిల్లల్లో కొందరికి పెద్ద కరోనరీ కొమ్మ సరిగ్గా సర్జన్ కోయాల్సిన చోటు మీదుగా దాటుతుంది. ఇదివరకే ఒకసారి ఆపరేషన్ అయి, ఛాతీ ఎముక వెనకే నాళం అతుక్కున్నప్పుడు. మెలికలు తిరిగిన పెద్ద ఫిస్టులాల్లో, అంటే కరోనరీ దారితప్పి గుండె గదిలోకో మరో నాళంలోకో తెరుచుకున్నప్పుడు. కవాసాకి జబ్బు (పిల్లల్లో రక్తనాళాలు వాచే జబ్బు) తరవాత నాళాలు 8 మిల్లీమీటర్లు దాటి ఉబ్బినప్పుడు. 2017లో పది కేంద్రాలు కలిసి పుట్టుకతో వచ్చే గుండె జబ్బులున్న 40 మంది రోగుల మీద చేసిన ఒక అధ్యయనంలో, నమూనా చూశాక 19 మందిలో ఆపరేషన్ పద్ధతిని మార్చుకున్నారు. చాలా ఆసుపత్రులు ఈ సంఖ్యనే చూపిస్తాయి. కానీ వాళ్లు ఎంచి తీసుకున్న అతి క్లిష్టమైన కేసులు, అందులోనూ గదులు, గోడలు తారుమారైన గుండెలు. ఆ సంఖ్యను కరోనరీకి అంటగట్టడం సరి కాదు.

కాబట్టి మీరు ఆసుపత్రిలో అడగాల్సినవి ఇవి. ఆపరేషన్ ఏ సర్జన్ చేస్తారో ఆయనకే నమూనా కావాలా, లేక ప్యాకేజీలో భాగంగా ఇస్తున్నారా? నాళం కమిషర్‌కు పైన ఉందా, కింద ఉందా అన్నది సీటీలోనే తేలిందా? తేలితే, ‘పైన’ అయితే, గోడలో ఉన్న భాగం చిన్నదైతే, నమూనా లేకపోయినా ఏమీ నష్టం లేదు. సీటీలోనే అయోర్టా లోపలి నుంచి చూసే వర్చువల్ ఎండోస్కోపీ బొమ్మలు చాలు, వాటికి అదనపు ఖర్చు ఉండదు. ‘కింద’ అయినా, సర్జన్‌కు సందేహం ఉన్నా చేయించండి, ఖర్చుకు తగ్గ ఫలితం ఉంటుంది. అమెరికాలో కూడా 2019 జులై నుంచి ఈ నమూనాలకు తాత్కాలిక బిల్లింగ్ కోడ్లు మాత్రమే ఇచ్చారు. అక్కడి బీమా కంపెనీలే తప్పనిసరిగా చెల్లించాలన్న హామీ దానిలో లేదు. మన దగ్గర బీమాలో వస్తుందని ఎవరైనా నోటిమాటగా చెబితే రాతపూర్వకంగా తీసుకోండి.

చేయిస్తే మూడు విషయాలు చూడండి. నమూనా మీద రోగి గుర్తింపు, సీటీ తేదీ, కొలత నిష్పత్తి చెక్కి ఉండాలి. కరోనరీ బాగా కనబడాలని రెట్టింపు సైజులో చేయించడం మామూలే, కానీ ఆ సంగతి నమూనా మీద రాసి లేకపోతే మూడు మిల్లీమీటర్ల నాళం ఆరు అనుకునే ప్రమాదం ఉంది. ఫైలు ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరో దానికి వెళ్లేటప్పుడు కుడి ఎడమలు తారుమారై అద్దంలో బొమ్మలా రావచ్చు. ఎడమ ధమని కుడి నుంచి పుట్టిన కేసులో ఇది ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. ప్రింటు అయ్యాక రేడియాలజిస్టు దాన్ని అసలు సీటీతో పోల్చి సంతకం చేశారా అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబును బట్టే ఆ కేంద్రం ఎంత పద్ధతిగా పని చేస్తుందో మీకు తెలిసిపోతుంది.

నమూనా కోసమని ఆపరేషన్ నెలల తరబడి వాయిదా పడకూడదు. సెగ్మెంటేషన్, ప్రింటు, శుభ్రం చేయడం అన్నీ కలిపి కొద్ది రోజుల పని. ఆపరేషన్ తరవాత సాధారణంగా మూడు నెలలు ఆగి, మళ్లీ సీటీ, ట్రెడ్‌మిల్ చేసి, అన్నీ బాగుంటే ఆటలకు అనుమతించడం గురించి మాట్లాడతారు.

చివరగా ఒక పని ఈ వారంలోనే చేయండి. సీటీ తీసిన చోటికి వెళ్లి డైకామ్ ఫైళ్లు (సీటీ అసలు బొమ్మలుండే కంప్యూటర్ ఫైళ్లు) మొత్తం, ముఖ్యంగా 0.5 నుంచి 0.6 మిల్లీమీటర్ల సన్నని స్లైసులు, డిస్కులో గానీ పెన్‌డ్రైవ్‌లో గానీ తీసుకోండి. ఫిల్ములు, రిపోర్టు పీడీఎఫ్ నమూనాకు గానీ, మరో సర్జన్ అభిప్రాయానికి గానీ పనికిరావు. సన్నని స్లైసులను చాలా కేంద్రాలు స్థలం కోసం కొంతకాలానికి తొలగించేస్తాయి. అవి పోతే, నమూనా కావాలన్నా రెండో అభిప్రాయం కావాలన్నా బాబుకు మళ్లీ సీటీ తీయాలి, మళ్లీ రేడియేషన్, మళ్లీ అయొడిన్ మందు.